ఆ పొడి కోసం గోలీలు ఆపించకండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఊరు. మా ఆయనకు 31 ఏండ్లు, ట్రాక్టరు నడుపుతడు. పెండ్లయిన ఏడాదికే నడుము నొప్పి మొదలైంది. తెల్లారుజామున లేవలేడు, గంటసేపు గోడ పట్టుకొని నడుస్తడు, పనిలో పడ్డంక కొంచెం నయమైతది. ఒక్కోసారి మోకాలు వాస్తది. మొదట ఫ్లోరైడ్ అన్నరు, తర్వాత డిస్కు అన్నరు. పోయినేడు హైదరాబాద్‌ల ఎమ్మారై తీసి ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అని చెప్పిన్రు. హెచ్ఎల్ఏ బి27 పాజిటివ్ వచ్చింది. ఎటోరికాక్సిబ్, సల్ఫాసలాజిన్ గోలీలతో బాగనే ఉండె. ఈమధ్య ఒకాయన వచ్చి, ఇది ఎపిజెనెటిక్స్ జబ్బు, జీన్లను ఆఫ్ చేసే పొడి ఉంది, ఆర్నెల్లు తాగితే మూలం నుంచి పోతది, గోలీలు మానాలె అన్నడు. డబ్బా మీద ఫోలేట్, బీ12, పసుపు సారం అని రాసి ఉంది. రెండు నెలల నుంచి అదే తాగుతుండు. నొప్పి మళ్లా మొదలైంది. ఆ పొడి నిజమేనా? మా అత్తమ్మ నేను పెట్టే తిండితోనే ఇది వచ్చిందంటది. మాకు నాలుగేండ్ల బాబు. ఇంకొకరిని కనాలని ఉంది. బీడీలు తాగే తండ్రి గుర్తులు పిల్లల జీన్లలోకి పోతయని కూడా ఆ పొడి ఆయన చెప్పిండు. మా పిల్లలకు వస్తదా?

సమాధానం: అమ్మా, ముందు చేయాల్సిన పని చెబుతాను, కారణాలు ఆ తర్వాత మాట్లాడుకుందాం. ఈ వారంలోనే మీ ఆయనను పాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ పొడి డబ్బా కూడా వెంట పట్టుకెళ్లండి. రక్తంలో కిడ్నీ, లివర్ పరీక్షలు, బీపీ చూసి గోలీలు మళ్లీ మొదలుపెడతారు. పొడి మానేయాలి. నొప్పి తిరిగి వచ్చిందన్నారు కాబట్టి అందులో దొంగచాటుగా స్టెరాయిడ్ కలిపి ఉండే అవకాశం తక్కువే. కానీ ఈ రెండు నెలల్లో మొహం ఉబ్బినా, విపరీతంగా ఆకలి పెరిగినా ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలాంటప్పుడు ఒక్కసారిగా ఆపకూడదు, ఆయన చూసి చెప్పిన పద్ధతిలోనే తగ్గించాలి.

ఇక మీ వంట సంగతి. మీరు పెట్టిన తిండితో ఈ జబ్బు రాలేదు. ఇది మొదలయ్యేదే ఎక్కువగా ఇరవై, ముప్పై ఏళ్ల మధ్య. మన దగ్గర పెళ్లిళ్లయ్యే వయసూ అదే. అందుకే "పెళ్లికి ముందు లేదు" అనే మాట నా దగ్గరికి వచ్చే ఎన్నో కుటుంబాల్లో వింటుంటాను. ప్రతిసారీ ఆ నింద కోడలి మీదే పడుతుంది. మీ అత్తమ్మకు ఈ జవాబు చదివి వినిపించండి. ఒక డాక్టరుగా చెబుతున్నాను, మీ తప్పు రవ్వంత కూడా లేదు.

మర్రిగూడ వైపు వాళ్లకు నడుము బిగిస్తే మొదట ఫ్లోరైడ్ మాట రావడం సహజం. తరాల తరబడి ఆ నీళ్లు తాగి వంగిపోయిన మనుషులను చూసిన ప్రాంతం అది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి దేశమంతటా నల్లగొండ పేరే ఉంది. పైగా ఈ రెండు జబ్బులూ పైకి ఒకేలా కనిపిస్తాయి, వెన్ను కట్టెలా బిగుసుకుపోతుంది, మెడ తిరగదు. తేడా లోపల ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో ఎముక ఎక్స్‌రేలో మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. ముంజేతి ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య పొర కూడా ఎముకలా గట్టిపడి ఉంటుంది. పళ్లు తయారయ్యే చిన్న వయసులో ఆ నీళ్లు తాగిన వాళ్లకు పళ్ల మీద గోధుమ రంగు మరకలు ఉంటాయి. మీ ఆయన జబ్బు దారి వేరు. అది తుంటి వెనక, వెన్నెముక కటి ఎముకతో కలిసే కీలు దగ్గర వాపుతో మొదలవుతుంది. ఎముక దట్టం కావడానికి బదులు ఏళ్లు గడిచేకొద్దీ గుల్లబారుతుంది. రాత్రి రెండో సగంలో నొప్పికి మెలకువ రావడం, పొద్దున్నే అరగంటకు మించి బిగుసుకుపోవడం, కదిలితే తగ్గి పడుకుంటే పెరగడం దీని గుర్తులు. మీరు రాసినదాంట్లో ఇవి చాలావరకు ఉన్నాయి. ఎమ్మారైలో ఆ కీళ్ల దగ్గర వాపు కనిపించింది కాబట్టే ఆ పేరు పెట్టి ఉంటారు. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు కూడా. మీ ఆయన చిన్నప్పుడు బోరు నీళ్లు తాగి ఉంటే, పళ్ల మీద మరకలుంటే, ఒక ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించడం మంచిదే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ అనుమానం తీరే దాకా వంటకూ తాగడానికీ భగీరథ నల్లా నీళ్లే వాడండి.

ఇప్పుడు ఆ పొడి ఆయన వాడిన పెద్ద మాటకు వద్దాం. ఎపిజెనెటిక్స్ అంటే ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చెప్పే గుర్తుల గురించిన చదువు. అది అబద్ధం కాదు, నిజమైన శాస్త్రమే. అందుకే దాని పేరు చెప్పి అమ్మితే జనం నమ్ముతున్నారు, నాకు కోపం తెప్పించేదీ అదే.

హెచ్ఎల్ఏ బి27కూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం 1973లో బయటపడింది. ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ జన్యువు ఉంటుంది. అయితే ఆ జన్యువు ఉన్న వందమందిని తీసుకుంటే తొంభై మందికి పైగా ఈ జబ్బు రాకుండానే జీవితం గడిచిపోతుంది. అచ్చు ఒకేలా పుట్టిన కవలలను చూసినా ఇదే తెలుస్తుంది. వాళ్ల జన్యువులు ఒకటే. అయినా ఒకరికి ఈ జబ్బు వస్తే రెండోవారికి రాకుండా పోయిన జంటలు నాలుగింట ఒక వంతు నుంచి మూడో వంతు దాకా ఉన్నాయి. జన్యువు ఒకటే అయినప్పుడు ఫలితం ఎందుకు వేరైంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికే దారుల్లో ఎపిజెనెటిక్స్ ఒకటి.

మన చెరువు సంగతి తీసుకోండి. చెరువు ఒకటే, నీళ్లూ అవే. ఏ తూము ఎత్తారు, ఏది దించారు అన్నదాన్ని బట్టి ఏ మడి తడవాలో, ఏది ఎండాలో తేలుతుంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ దాదాపు ఒకే డీఎన్ఏ ఉంటుంది. చర్మం కణంలో కొన్ని జన్యువులు పనిచేస్తాయి, ఎముక కణంలో వేరేవి పనిచేస్తాయి. ఏది పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చెప్పే రసాయన గుర్తులు ఆ డీఎన్ఏ మీద, దాన్ని చుట్టి ఉంచే హిస్టోన్లనే ప్రోటీన్ల మీద ఉంటాయి. డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న గుర్తు పడితే చాలాసార్లు ఆ జన్యువు నెమ్మదిస్తుంది. హిస్టోన్లు బిగిస్తే జన్యువు మూసుకుపోతుంది, వదులైతే తెరుచుకుంటుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిన్న అణువులు జన్యువు పంపిన సందేశాన్ని మధ్యలోనే ఆపేస్తాయి. జన్యువులోని అక్షరం ఒక్కటి కూడా మారకుండానే ఇదంతా జరుగుతుంది. వయసు, పొగ, పేగుల్లోని సూక్ష్మజీవులు, ఒంట్లో చాలాకాలంగా ఉన్న వాపు, ఇవన్నీ ఆ గుర్తులను మార్చగలవు.

ఈ జబ్బు ఉన్నవాళ్ల రక్తాన్ని ఆరోగ్యవంతుల రక్తంతో పోల్చి చూసిన పరిశోధకులకు తేడాలు కనిపించాయి. బి27 ఉండే ప్రాంతంలోనే ఉండే హెచ్ఎల్ఏ డీక్యూబీ1 జన్యువు మీద మిథైల్ గుర్తులు మారి ఉన్నాయి. వాపు సంకేతాలకు కళ్లెం వేసే ఎస్ఓసీఎస్1 అనే జన్యువు మీద కొందరు రోగుల్లో ఆ గుర్తు పడి ఉంది. అంటే కళ్లెం వేయాల్సిందే మూగబోయి ఉండొచ్చన్నమాట. మైక్రో ఆర్‌ఎన్‌ఏల లెక్కల్లోనూ తేడాలున్నాయి. వాటిలో కొన్నింటికి వెన్నులో కొత్త ఎముక పెరగడంతో సంబంధం ఉందేమో అని చూస్తున్నారు.

ఇక్కడి దాకా ఆశ కలిగించే కథే. కానీ అక్కడి నుంచి పొడి డబ్బా దాకా దారి లేదు. మొదటి చిక్కేమిటంటే, గుర్తు మారి జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చాక గుర్తు మారిందా అన్నది తేలలేదు. ఏళ్ల తరబడి వాపు ఉంటే అదే గుర్తులను మారుస్తుంది, వాడే మందులూ మారుస్తాయి. రెండోది, పరీక్ష చేసేది రక్తాన్ని, జబ్బు ఉండేది ఎముకకు కండరాన్ని కట్టే టెండన్, ఎముకలను కలిపే లిగమెంట్ అతుక్కునే చోట. బతికున్న మనిషి వెన్నులోంచి ఆ ముక్కను తీసి చూడటం తేలిక కాదు. రక్తంలోనూ రకరకాల తెల్లకణాలుంటాయి, ఒక్కో రకానికి గుర్తులు ఒక్కోలా ఉంటాయి. వాపు ఉన్నప్పుడు ఒక రకం కణాలు పెరిగితే, ఏ కణంలోనూ ఏమీ మారకపోయినా మొత్తం లెక్క మారినట్టే కనిపిస్తుంది. వీటిలో చాలా పరిశోధనలు కొద్దిమంది మీద చేసినవి. అందుకే ఈ రోజు వరకు ఈ జబ్బును తేల్చడానికి గానీ, ఏ మందు పనిచేస్తుందో చెప్పడానికి గానీ ఎపిజెనెటిక్ పరీక్ష ఏదీ వాడుకలో లేదు. మీ దగ్గరికి ఎవరైనా అలాంటి పరీక్ష పట్టుకొస్తే డబ్బు ఇవ్వకండి.

ఆ గుర్తులను నిజంగా మార్చే మందులు ఉన్నాయి. అజాసైటిడిన్ అలాంటిదే, కొన్ని రక్త క్యాన్సర్లకు ఆసుపత్రిలో ఇస్తారు. రక్తకణాలు పడిపోతాయి, కంటికి రెప్పలా కనిపెట్టి చూసుకోవాలి. మీ ఆయన జబ్బుకు దాన్ని ఎవరూ వాడరు. ఎందుకంటే అది ఫలానా జన్యువు ఒక్కదాన్నే ఎంచుకొని ముట్టుకోదు, ఒంట్లో ఎన్నో చోట్ల గుర్తులను కదిలిస్తుంది. అంత బలమైన మందుకే చేతకాని పని ఫోలేట్, బీ12 కలిపిన పొడి చేస్తుందా? మిథైల్ గుర్తులు తయారు కావడానికి ఫోలేట్, బీ12 అవసరమన్న మాట నిజమే. ఆ ఒక్క నిజాన్ని పట్టుకొనే పొడి అమ్ముతున్నారు. అవి తక్కువున్న మనిషికి ఇస్తే ఆ లోటు తీరుతుంది, అంతే. ఏ జన్యువు మీద గుర్తు వేయాలో, ఏది చెరపాలో వాటికి చెప్పే దారి లేదు. ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్‌ను అవి తగ్గించినట్టు రుజువు లేదు.

పొగ సంగతి మాత్రం వేరు. పొగ తాగేవాళ్ల రక్తంలో ఏహెచ్ఆర్ఆర్ అనే జన్యువు మీద మిథైల్ గుర్తు తగ్గుతుంది. ఇది ఎన్నో దేశాల్లో మళ్లీ మళ్లీ తేలిన సంగతి. మానేస్తే ఏళ్ల మీద ఆ గుర్తు తిరిగి కోలుకుంటూ వస్తుంది. ఇక గుర్తుల మాట ఎలా ఉన్నా, పొగ తాగే రోగుల్లో వెన్నుపూసలు అతుక్కుపోవడం వేగంగా సాగుతుందని ఎక్స్‌రేలే చూపించాయి. మీ ఇంట్లో ఎపిజెనెటిక్స్ పేరుతో ఖర్చు లేకుండా చేయగల పని ఒకటుంది, బీడీ మానడం. ఒక్కడే మానలేకపోతే 1800 11 2356కు ఫోన్ చేయమనండి. పొగాకు మానేవాళ్లకు సాయం చేసే జాతీయ ఉచిత నంబరు అది.

ఇక వైద్యం. ఎటోరికాక్సిబ్ లాంటి వాపు గోలీలు ఈ జబ్బులో ఉత్త నొప్పి గోలీలు కావు, అసలు వైద్యం మొదలయ్యేదే వాటితో. డాక్టరు చెప్పిన మోతాదులో, కిడ్నీ, బీపీ, కడుపు చూసుకుంటూ వాడాలి. ఒక రకం రెండు నుంచి నాలుగు వారాలు వాడినా పని చేయకపోతే రెండో రకం చూస్తారు. సల్ఫాసలాజిన్ మోకాలు, చీలమండల వాపుకు పనికొస్తుంది, వెన్నుకు పెద్దగా పనిచేయదు. వీటితో అదుపు కాకపోతే అడాలిముమాబ్ లాంటి, వాపు పుట్టించే ప్రోటీన్‌ను అడ్డుకునే బయోలాజిక్ సూదులున్నాయి. వాటిని మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, ఒంట్లో నిద్రపోతున్న టీబీని అవి లేపగలవు. మన దేశంలోనే తయారవుతున్నందువల్ల ధర కొంత దిగింది, అయినా ఖరీదే. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో కీళ్లవాతం విభాగం ఉంది, అక్కడ చూపించుకోండి. ఆరోగ్యశ్రీలో ఏం వస్తుందో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి.

మందుతో పాటు వ్యాయామం కూడా సగం వైద్యం. పొద్దున్నే వేడి నీళ్ల స్నానం చేశాక, పడక మీద బోర్లా పావుగంట పడుకోవాలి. మొదట్లో ఐదు నిమిషాలే ఓర్చుకోగలిగినా సరే. మెత్తటి పరుపు వద్దు, తల కింద పల్చటి దిండు చాలు. ట్రాక్టరు మీద గంటకోసారి దిగి, వెనక్కి వాలి, నాలుగడుగులు నడవాలి. నెలకోసారి మీరే ఒక పని చేయండి. ఆయనను గోడకు మడమలు, వీపు ఆనించి నిలబెట్టండి, గడ్డం పైకెత్తకుండా తల వెనక్కి ఆనించమనండి. తల గోడకు తగలకపోతే మధ్యలో ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. తర్వాత దర్జీ టేపు ఛాతీ చుట్టూ, చనుమొనల ఎత్తులో పెట్టండి. గాలంతా వదిలినప్పుడు ఒకసారి, నిండుగా పీల్చినప్పుడు ఒకసారి కొలవండి. ఆ తేడా ఐదు సెంటీమీటర్ల దాకా ఉంటే పక్కటెముకలు బాగా కదులుతున్నట్టు. రెండున్నర కంటే తగ్గితే బిగుసుకుంటున్నట్టు. ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయండి, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అది చూపించండి. నా రోగుల్లో ఇలా రాసుకొచ్చేవాళ్ల వైద్యం ఎప్పుడు మార్చాలో నాకు తొందరగా తెలుస్తుంది.

చేయకూడనివి మూడు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుము తొక్కించడం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఈ జబ్బులో అతుక్కున్న వెన్ను గుల్లబారి కూడా ఉంటుంది, చిన్న దెబ్బకే విరుగుతుంది, కాళ్లు పడిపోతాయి. మెడ తిప్పించి టక్కుమనిపించడం అంతకంటే ప్రమాదం. ఊళ్లో వేసే స్టెరాయిడ్ సూదులూ వద్దు, వెన్నుకు మేలు చేయవు, ఎముకను ఇంకా గుల్ల చేస్తాయి. ఇంకో సంగతి, కన్ను ఎర్రబడి నొప్పితో వెలుగు చూడలేకపోతే అది కండ్లకలక అనుకొని ఊరుకోకండి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కంటి లోపల వాపు వస్తుంది. అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

చివరిగా పిల్లల సంగతి. దీని గురించే మీరు ఎక్కువ భయపడుతున్నారని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. తండ్రి నుంచి బి27 రావడానికి సగం అవకాశం ఉంది. కానీ జన్యువు రావడం, జబ్బు రావడం రెండూ ఒకటి కావు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే పిల్లల్లో వందకు సుమారు ఎనిమిది మందికి వస్తుంది. ఇక తండ్రి ఒంట్లోని గుర్తులు బిడ్డకు పోతాయన్న మాట. బీజకణాలు తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం ఏర్పడ్డ మొదటి రోజుల్లో ఇంకోసారి ఆ మిథైల్ గుర్తులు చాలావరకు తుడిచిపెట్టుకుపోయి కొత్తగా పడతాయి. తండ్రి బీడీ గుర్తు వల్ల బిడ్డకు ఈ జబ్బు వస్తుందని మనుషుల్లో ఎవరూ నిరూపించలేదు. ఆ మాట చెప్పి మిమ్మల్ని భయపెట్టినవారు చాలా తప్పు చేశారు. ఇంట్లో బీడీ పొగ బాబు ఊపిరితిత్తులకు నేరుగా చేసే హాని మాత్రం నిజం, మానడానికి ఆ కారణం ఒక్కటి చాలు.

రెండో బిడ్డను కనండి, ఈ జబ్బు అందుకు అడ్డు కాదు. ఒక్క జాగ్రత్త. సల్ఫాసలాజిన్ వాడుతున్నంత కాలం మగవాళ్లలో వీర్యకణాలు తగ్గుతాయి. ఆపిన రెండు మూడు నెలల్లో మళ్లీ మామూలవుతాయి. కాబట్టి బిడ్డ కావాలనుకున్న సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, ఆయన దాన్ని ఆపడమో మార్చడమో చేస్తారు. మీ అంతట మీరు ఆపకండి.

బాబుకు ఇప్పుడు బి27 పరీక్ష చేయించాల్సిన పని లేదు. పాజిటివ్ వచ్చినా ఇప్పుడు ఇచ్చే మందు లేదు, మీకు దిగులు తప్ప ఒరిగేదేమీ లేదు. పెద్దయ్యేకొద్దీ మడమ నొప్పితో కుంటినా, మోకాలు వాచి ఆరు వారాలు దాటినా, పొద్దున్నే లేవగానే నడుము బిగుసుకుందని చెప్పినా, ఎవరి మాటా వినకుండా నేరుగా కీళ్లవాతం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తండ్రి ఎమ్మారై కాగితాలు కూడా వెంట పెట్టుకోండి.